టీ3 క్యాంపర్ వేడెక్కుతోంటే: రేడియేటర్ కొనేముందు గాలి సంగతి తేల్చండి

మీరు చెప్పింది క్లుప్తంగా ఇదీ: 1987 నాటి ఫోక్స్‌వ్యాగన్ టీ3 క్యాంపర్, 2.1 లీటర్ల పెట్రోల్ వాసర్‌బాక్సర్ (నీటితో చల్లబడే బాక్సర్) ఇంజన్. ఈమధ్య కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) మార్పించారు. అప్పట్నుంచి ఎత్తు ఎక్కితే వేడి చూపే ముల్లు పైకి పోతోంది. ముందు హీటర్లోంచి చల్లగాలే వస్తోంది. వెనక నంబర్ ప్లేటు చాటునున్న ట్యాంకు నిండుగానే ఉన్నా డాష్‌బోర్డులో ఎర్ర లైటు కొట్టుకుంటోంది. థర్మోస్టాట్ (వేడెక్కాక రేడియేటర్‌కు నీళ్ళు వదిలే వాల్వు), రేడియేటర్ రెండూ మార్చెయ్యమని మీకు సలహా వచ్చింది. ఏది ముందు అని అడుగుతున్నారు.

ప్రస్తుతానికి రెండూ వద్దు. మీరు రాసిన మూడు లక్షణాలూ ఒకే వైపు చూపిస్తున్నాయి: లోపల గాలి ఉంది, అది బయటికి పోవట్లేదు, లేదా పోయిన చోటికి మళ్ళీ కొత్త గాలి చేరుతోంది. ఆ గాలి ఉండగా కొత్త రేడియేటర్ బిగించినా ఇదే కథ మళ్ళీ మొదలవుతుంది. పైగా ఈసారి కారణం ఏ పార్టులో ఉందో తేల్చడం ఇంకా కష్టమవుతుంది.

ముందు ఈ బండిలో నీళ్ళు ఎలా తిరుగుతాయో చూడండి. ఇంజన్ వెనక, రేడియేటర్ ముందు. మధ్యలో వ్యాన్ పొడవునా నేల కింద రెండు లావు పైపులు: ఒకటి వేడినీళ్ళు తీసుకెళ్ళేది, ఇంకొకటి చల్లబడ్డవి తెచ్చేది. డాష్‌బోర్డు కింద ఒక హీటర్, క్యాంపర్లలో చాలావాటికి వెనక సీటు కింద ఇంకొకటి. మొత్తం కలిపి దాదాపు 17.5 లీటర్లు పడుతుంది. మామూలు కార్లతో పోలిస్తే ఇది రెండింతల పైమాటే. పైపులు కింద, రేడియేటర్ తల పైన ఉండటంతో గాలి వెళ్ళి రేడియేటర్ పైభాగంలోనూ, హీటర్లలోనూ కూర్చుంటుంది. దాన్ని ఇంజన్ దగ్గరున్న ట్యాంకు దాకా వెనక్కి తోసే దారి నీళ్ళకు లేదు. అందుకే మామూలు కారుకు పోసినట్టు మూత తీసి నింపేసి, పది నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి ఉంచితే ఇక్కడ పని జరగదు.

కాబట్టి మొదటి ప్రశ్న మీకే: కూలెంట్ మార్చినప్పుడు ఎన్ని లీటర్లు పట్టింది? బిల్లు మీద చూడండి, లేదా ఖాళీ డబ్బాలు లెక్కపెట్టండి. ఎనిమిదో తొమ్మిదో లీటర్లు పట్టి ఉంటే, మిగతా సగం చోటులో ఉన్నది పాత కూలెంట్ అయినా కావాలి, గాలి అయినా కావాలి. రెండూ మంచివి కావు. కింది హోస్ ఒక్కటి ఊడదీస్తే మొత్తం ఖాళీ కాదు. ఇంజన్ బ్లాకులో, హీటర్లలో, నేల కింది పైపుల్లో చాలా మిగిలిపోతుంది.

రెండు ట్యాంకులు, ఒక మూత

ఈ బండి గురించి తెలియనివాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. నంబర్ ప్లేటు వెనక కనిపించే ట్యాంకులో ఒత్తిడి ఉండదు. అది నిల్వ డబ్బా మాత్రమే. అసలు లెక్కలోకి వచ్చేది ఇంజన్ బేలో ఉండే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు. ఒత్తిడి మూత దాని మీదే ఉంటుంది, కూలెంట్ మట్టం చూసే సెన్సారూ దాంట్లోనే ఉంటుంది. ఇంజన్ వేడెక్కితే నీళ్ళు వ్యాకోచించి, మూతలోని వాల్వు తెరుచుకుని, సన్న గొట్టం గుండా నిల్వ డబ్బాలోకి వెళ్తాయి. చల్లారాక లోపల ఒత్తిడి తగ్గి, అదే గొట్టం గుండా వెనక్కి పీల్చుకుంటుంది.

ఇప్పుడు మీ లక్షణం చూడండి. వెనక డబ్బా నిండుగా ఉంది, లైటు మాత్రం కొట్టుకుంటోంది. అంటే నీళ్ళు బయటికి పోతున్నాయి గానీ వెనక్కి రావట్లేదు. దీనికి కారణాలు మూడు, తరచుగా కనిపించే వరసలో చెబుతాను. ఒకటి, మూత రబ్బరు గట్టిపడి, చల్లారేటప్పుడు నీళ్ళకు బదులు పక్కనుంచి గాలి పీలుస్తోంది. రెండు, సన్న గొట్టం ఎక్కడో చీలింది, లేదా దాని చివర నిల్వ డబ్బాలో నీటి మట్టానికి పైన ఉంది. మూడు, ఎక్స్‌పాన్షన్ ట్యాంకే పగిలింది. ముప్ఫై ఏళ్ళు దాటిన ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది. అతుకు దగ్గర, మెడ దగ్గర వెంట్రుకంత చీలిక వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు అది కనబడదు. ఒత్తిడి ఎక్కినప్పుడే చెమ్మగిల్లుతుంది.

మూత, సన్న గొట్టం రెండూ ఆలోచించకుండా మార్చెయ్యండి. పరీక్ష పెట్టడానికి పట్టే శ్రమ కన్నా వాటి ఖరీదు తక్కువ. ట్యాంకుకు వయసు తెలిసిపోతుంటే దాన్నీ మార్చండి. కొత్త మూతను పాత ట్యాంకు మెడ మీద బిగించేటప్పుడు మెడ అంచు నున్నగా ఉందో లేదో వేలితో తడిమి చూడండి. అంచు గరుకుగా ఉంటే ఎంత కొత్త మూతైనా పట్టదు.

మూతను చిన్న విషయం అనుకోవద్దు. సగానికి సగం కలిపిన కూలెంట్ మామూలు గాలి ఒత్తిడిలో 107, 108 డిగ్రీల దగ్గర మరుగుతుంది. దానిమీద 1 బార్ అదనపు ఒత్తిడి నిలిస్తే అది దాదాపు 128 దాకా వెళ్తుంది. మూత ఒత్తిడి నిలపకపోతే ఆ ఇరవై డిగ్రీల వెసులుబాటు పోయినట్టే. హెడ్‌లో (సిలిండర్ల చివర మూసే భాగంలో) ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ కూలెంట్ అక్కడక్కడ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఆ బుడగలే మళ్ళీ రేడియేటర్ తలకాయలో చేరి గాలి లాగే అడ్డుపడతాయి. ఎత్తు ఎక్కినప్పుడు మాత్రమే మీ ముల్లు లేవడానికి ఇది ఒక్కటే చాలు.

లైటు గురించి ఒక మాట. ఆ ఎర్ర ఎల్‌ఈడీ రెండు పనులు చేస్తుంది: మట్టం తగ్గినా కొట్టుకుంటుంది, వేడి మితిమీరినా కొట్టుకుంటుంది. తాళం తిప్పగానే కొన్ని సెకన్లు కొట్టుకుని ఆగిపోవాలి. అది దాని స్వయంపరీక్ష. ముల్లు మధ్యలో ఉండి లైటు కొట్టుకుంటే మట్టం తగ్గినట్టు. ట్యాంకు నిజంగా నిండుగా ఉండీ కొట్టుకుంటే సెన్సార్ రెండు పుల్లలకూ పాచి పట్టి ఉంటుంది, లేదా దాని కనెక్టర్‌కు చిలుము పట్టి ఉంటుంది. తీసి, తుడిచి పెట్టండి. అప్పటికీ ఆగకపోతే ఫ్యూజు పెట్టెలో 43 అని రాసి ఉండే కంట్రోల్ రిలేని అనుమానించండి. లైటు చిరాకు పెడుతోందని రిలే పీకేసి తిరగడం మాత్రం వద్దు. హోస్ పగిలి నీళ్ళన్నీ పోయాక ముల్లు నిజం చెప్పదు, ఎందుకంటే సెన్సార్ చుట్టూ నీళ్ళే ఉండవు. అప్పుడు మిమ్మల్ని హెచ్చరించేది ఆ లైటు ఒక్కటే.

గాలి తీసే పద్ధతి

బండి పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. సమతల నేల మీద నిలిపి, వెనక చక్రాలకు దిమ్మెలు పెట్టి, ముందు భాగాన్ని సుమారు 40 సెంటీమీటర్లు పైకి ఎత్తండి. జాకీ మీద వదిలెయ్యకుండా స్టాండ్లు పెట్టండి. ఈ ఎత్తడం ఐచ్ఛికం కాదు. రేడియేటర్ తలే మొత్తం వ్యవస్థలో అన్నిటికన్నా ఎత్తుగా ఉండాలి, గాలి అక్కడికే చేరాలి.

ముందు హీటర్ లీవర్‌ని పూర్తి వేడి వైపు జరపండి. వెనక సీటు కింది హీటర్ వాల్వు కూడా తెరవండి. దీన్ని చాలామంది మరిచిపోతారు. ఎందుకంటే అది సీటు కిందికి చెయ్యిపెట్టి తిప్పాల్సిన నాబ్, ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోరు. బిగుసుకుపోయి ఉంటే బలవంతంగా తిప్పొద్దు, ప్లాస్టిక్ విరిగితే లీకు నేరుగా క్యాబిన్‌లోకే వస్తుంది. మీ ఇంజన్ దగ్గర ప్లాస్టిక్ నీటి గొట్టాల మీద బ్లీడ్ వాల్వు (గాలి వదిలేది) ఉంటే దాన్నీ తెరవండి. పై గ్రిల్ విప్పితే రేడియేటర్ పైమూలలో బ్లీడ్ స్క్రూ కనిపిస్తుంది. దాన్ని తీసి, కింద బేసిన్ పెట్టుకోండి. స్క్రూకి రబ్బరు రింగు ఉంటే కొత్తది సిద్ధంగా ఉంచుకోండి.

ఇక్కడ ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు ముందు స్క్రూ దగ్గర, ఒకరు వెనక ట్యాంకు దగ్గర. ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో ఇక పట్టనంత వరకూ కూలెంట్ పొయ్యండి. ఇంజన్ స్టార్ట్ చేసి 2,000 ఆర్‌పీఎం పైన నిలపండి. ఐడిల్‌లో పంపు ఒత్తిడి చాలదు, నీళ్ళు రేడియేటర్ తల దాకా ఎక్కవు. వెనక మట్టం పడిపోతూ ఉంటుంది, ఆపకుండా పోస్తూ ఉండాలి. ఒక్క క్షణం ట్యాంకు ఖాళీ అయినా పంపు గాలి మింగుతుంది, పని మళ్ళీ మొదటికొస్తుంది. ముందు స్క్రూ కన్నం నుంచి మొదట ఉత్త గాలి, తర్వాత ఉమ్మినట్టు నీళ్ళూ గాలీ కలిసి, చివరికి బుడగ లేకుండా ధారగా నీళ్ళు వస్తాయి. ధార నిలకడగా వచ్చాక స్క్రూ పెట్టెయ్యండి, ఇంజన్ దగ్గరి వాల్వు కూడా మూసెయ్యండి. ట్యాంకు నింపి, మూత పెట్టి, ఇంజన్ ఆపండి.

చాలామంది ఇంతటితో ఆపేస్తారు. ఇంకొక విడత కావాలి. అరనిమిషం తర్వాత మళ్ళీ స్టార్ట్ చేసి, 2,000 పైన ఉంచి, ముందు స్క్రూని మళ్ళీ తెరవండి. రెండోసారి కూడా కొంత గాలి వస్తుంది, అది హీటర్లలోంచి జారి వచ్చినది. నీళ్ళ ధార వచ్చాక మూసి, ట్యాంకును అంచుదాకా నింపి, మూత బిగించి, నిల్వ డబ్బాని గరిష్ఠ గీత దాకా నింపండి. పదిహేను, ఇరవై నిమిషాలు నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, మర్నాడు పొద్దున నిల్వ డబ్బా మట్టం చూడండి. కొంచెం తగ్గి ఉండాలి. తగ్గిందంటే ట్యాంకు పీల్చుకుంటోందనీ, మూత పనిచేస్తోందనీ అర్థం. ఏమాత్రం తగ్గక, లోపలి ట్యాంకులో మాత్రం ఖాళీ కనిపిస్తే మూత, గొట్టం సంగతి ఇంకా తేలనట్టే.

ఎవరిదగ్గరైనా వాక్యూమ్ ఫిల్లింగ్ పరికరం ఉంటే ఈ బండికి అంతకన్నా మంచిది లేదు. లోపలి గాలినంతా ముందే పీల్చేసి, ఆ ఖాళీలోకి కూలెంట్‌ని లాగుతుంది. వాక్యూమ్ పెట్టాక ముల్లు కొన్ని నిమిషాలు కదలకుండా నిలిస్తే లీకు లేదని కూడా అక్కడే తెలుస్తుంది. పాత హోసులు మెత్తబడి ఉంటే ఆ పీల్పుకు చదునుగా అణిగిపోతాయి. అలా అణిగిన హోస్ ఎలాగూ మార్చాల్సిందే.

ఇదంతా చేశాక ముందు హీటర్ వేడిగాలి ఇవ్వడం మొదలుపెడితే మీ సమస్యలో పెద్ద భాగం తీరినట్టే. వేడిగాలి వచ్చి, రెండు మూడు రోజుల్లో మళ్ళీ చల్లబడిపోతే గాలి కొత్తగా పుడుతోంది. అప్పుడు హెడ్‌ల గురించి ఆలోచించాలి, దాని దగ్గరికి వస్తాను.

ఏ కూలెంట్ పోశారు?

ఆకుపచ్చది పోశారని రాశారు. రంగు చూసి కూలెంట్ గుణం చెప్పలేం, ఒక్కో తయారీదారు ఒక్కో రంగు వేస్తాడు. డబ్బా వెనక చూడాల్సింది ఫోక్స్‌వ్యాగన్ నిర్దేశం. ఈ ఇంజన్‌కు మొదట్లో వాడినది ఫాస్ఫేట్ లేని నీలిరంగు జీ11. తర్వాత వచ్చిన జీ12 ప్లస్, జీ12 ప్లస్ ప్లస్, జీ13 కూడా వాడొచ్చు. ప్లస్ గుర్తు లేని తొలినాటి ఎర్ర జీ12ని మాత్రం జీ11తో కలపకూడదు. రెండూ కలిస్తే గోధుమరంగు బురదలాగా మారి హీటర్ గొట్టాల్లో పేరుకుంటుంది.

ఫాస్ఫేట్ లేనిది అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. వాసర్‌బాక్సర్‌లో హెడ్‌కూ బ్లాకుకూ మధ్య నీటి జాకెట్టును మూసేది పెద్ద రబ్బరు గాస్కెట్. ఆ రబ్బరు, హెడ్ అల్యూమినియం కలిసే అంచు దగ్గర నీళ్ళు కదలకుండా నిలుస్తాయి. కూలెంట్ తప్పుదైనా, తుప్పు నిరోధక గుణం అయిపోయి పాతబడినా, ఆ అంచు వెంబడే అల్యూమినియం గుంటలు గుంటలుగా తినేస్తుంది. ఏదో ఒకరోజు గుంట రబ్బరు అంచును దాటుతుంది, ఇంజన్ కింద చుక్కలు మొదలవుతాయి. ఈ ఇంజన్లకు హెడ్ లీకుల పేరు రావడానికి పెద్ద కారణం ఇదే. సరైన కూలెంట్‌ని రెండేళ్ళకోసారి మార్చడం హెడ్‌ల రిపేరుతో పోలిస్తే ఏ లెక్కా కాదు.

మీ దాంట్లో ఏముందో తెలియనప్పుడు తీసెయ్యడమే మంచిది. డిస్టిల్డ్ వాటర్‌తో నింపి, హీటర్లు తెరిచి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడిపి, చల్లార్చి, వంచెయ్యండి. నీళ్ళు తేటగా వచ్చేదాకా ఇలా రెండు మూడు సార్లు. ఘాటైన ఆమ్లాలతో కడిగే మందులు ఈ ఇంజన్‌లో వాడొద్దు; ఇప్పటికే గుంటలు పడ్డ అల్యూమినియంను అవి ఇంకా తినేస్తాయి. లీకు ఆపే పొడులు, ద్రవాలు అసలే వద్దు. అవి లీకు కన్నా ముందు హీటర్ల సన్న గొట్టాలను మూసేస్తాయి.

కడిగాక లోపల కొన్ని లీటర్ల నీళ్ళు మిగిలే ఉంటాయి. అందుకే ముందే కలిపిన కూలెంట్ పోస్తే పలచబడిపోతుంది. చిక్కటిది కొని, ముందు అది పోసి, పైన డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. 17.5 లీటర్ల లెక్కకు సగం అంటే 8.75 లీటర్లు. అది దాదాపు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. గడ్డకట్టే చలి లేని చోట 40 శాతం, అంటే 7 లీటర్లు చాలు. అంతకు తగ్గించొద్దు, తుప్పు నిరోధక గుణం చాలదు. 60 శాతం దాటించొద్దు, చిక్కదనం పెరిగి వేడిని మోసుకుపోయే శక్తి తగ్గుతుంది. చివరికి రిఫ్రాక్టోమీటర్ మీద ఒక చుక్క వేసి నిష్పత్తి సరిచూసుకోండి.

పాత కూలెంట్‌ని కాలువలోకో మట్టిలోకో వంచొద్దు. ఇథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యగా ఉంటుంది. కుక్కలు, పిల్లులు నాకుతాయి, కొద్దిగా కడుపులోకి వెళ్ళినా కిడ్నీలు పోతాయి. మూత ఉన్న డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ తీసుకునే చోట ఇవ్వండి.

అప్పటికీ వేడెక్కితే

ఇప్పుడు థర్మోస్టాట్ వంతు. ఇది 87 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టాలి. విప్పిన పాతదాన్ని గిన్నెడు నీళ్ళలో దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి వేడి చేస్తే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. గిన్నె అడుగుకు తగలనివ్వొద్దు, తగిలితే ముందే తెరుచుకుంటుంది. కొత్తది పెట్టేటప్పుడు దాని రబ్బరు రింగు కొత్తదే వెయ్యండి. థర్మోస్టాట్ తీసేసి ఖాళీగా నడపమనే సలహా వింటే వదిలెయ్యండి. ఇంజన్ సరైన వేడికి రాక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, నీళ్ళు వేరే దారిన తిరిగి రేడియేటర్‌కు వెళ్ళాల్సినంత వెళ్ళవు.

ఫ్యాన్ పరీక్షించడం తేలిక. రేడియేటర్ పక్కన బిగించిన స్విచ్ కనెక్టర్ ఊడదీసి, వైర్ ముక్కతో కలిపి చూడండి. తక్కువ వేగానికి ఒకటి, ఎక్కువ వేగానికి ఒకటి, రెండు జతలూ విడివిడిగా చూడాలి. ఎక్కువ వేగం పనిచేసి తక్కువ వేగం పనిచేయకపోతే ఫ్యాన్ రెసిస్టర్ కాలిపోయింది. ఇది చాలా బండ్లలో కనబడుతుంది, ఎవరూ గమనించరు. ఎందుకంటే ముల్లు బాగా పైకి పోయాక ఫ్యాన్ ఒక్కసారిగా హోరుమని తిరిగి, మళ్ళీ దింపేస్తుంది. రెండు వేగాలూ నేరుగా కలిపితే తిరిగి, వేడెక్కినప్పుడు తిరగకపోతే తప్పు స్విచ్‌ది. లేదా స్విచ్ ఉన్న చోట గాలి చేరి దానికి వేడి అందట్లేదు. ఒక హెచ్చరిక: ఈ బండిలో తాళం తీసేసినా ఫ్యాన్ తిరగొచ్చు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు వేళ్ళు దూరంగా పెట్టండి.

గేజ్‌ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. వేడి గేజ్‌కూ పెట్రోల్ గేజ్‌కూ ఒకే వోల్టేజ్ స్టెబిలైజర్ 10 వోల్టులు ఇస్తుంది. హెడ్‌లైట్లు వేసినప్పుడు రెండు ముళ్ళూ కలిసి పైకి లేస్తే ఇంజన్‌కు ఏమీ కాలేదు. స్టెబిలైజరో, డాష్ వెనక ఎర్తో చెడింది. థర్మోస్టాట్ హౌసింగ్‌ని చేతి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూసి ముల్లుతో పోల్చుకోండి. మామూలు నడకలో ముల్లు ఎల్‌ఈడీ పరిసరాల్లో ఉండటం, ఎత్తు ఎక్కేటప్పుడు దాన్ని కాస్త దాటి, దిగేటప్పుడు వెనక్కి రావడం ఈ బండికి సహజమే. పైకి పోయి అక్కడే నిలిచిపోతేనే కంగారు పడాలి.

రేడియేటర్‌ని చివరికి పెట్టింది అనుమానం లేక కాదు, ఖరీదు వల్ల. అదే థర్మామీటర్‌ని వేడి రేడియేటర్ మీద గళ్ళు గళ్ళుగా తిప్పండి. వేడి నీళ్ళు వచ్చే వైపు నుంచి పోయే వైపుకు నెమ్మదిగా తగ్గుతూ రావాలి. మధ్యలో ఒక పట్టీ చల్లగా ఉంటే ఆ గొట్టాలు మూసుకుపోయాయి. పైపట్టీ ఒక్కటే చల్లగా ఉంటే అది ఇంకా గాలే, మళ్ళీ బ్లీడ్ చెయ్యండి. సన్న రెక్కల్ని గోరుతో గీకి చూడండి, పొడిపొడిగా రాలితే రేడియేటర్‌కు కాలం చెల్లింది. రెక్కలు బాగానే ఉండి మట్టి, పురుగులు నిండి ఉంటే వెనక నుంచి ముందుకు మెత్తటి ధారతో కడగండి. ప్రెషర్ వాషర్ పెడితే రెక్కలు వంగిపోతాయి. రేడియేటర్ చుట్టూ ఉండే స్పాంజి పట్టీలు రాలిపోయి ఉంటే కొత్తవి అంటించండి. అవి లేకపోతే ఎదురుగాలి రెక్కల గుండా కాక పక్కల నుంచి జారిపోతుంది. ముందు గ్రిల్‌కు అడ్డంగా స్టెప్నీ టైరో, పెద్ద ఫాగ్ లైట్లో బిగించుకున్నవాళ్ళు వాటిని తీసి ఒకసారి ఎత్తు ఎక్కి చూడాలి.

హెడ్ అనుమానం ఎప్పుడు

బాగా బ్లీడ్ చేశాక కూడా గాలి మళ్ళీ మళ్ళీ చేరుతుంటే, చల్లని ఇంజన్ స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే హోసులు రాయిలా బిగుసుకుంటే, ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో బుడగలు గొలుసులా లేస్తుంటే, సిలిండర్‌లోంచి పొగ కూలెంట్‌లోకి వస్తోంది. నిర్ధారణకు నీలిరంగు ద్రవంతో చేసే గ్యాస్ పరీక్ష ఉంది: ట్యాంకు మెడ మీద గొట్టం పెట్టి గాలిని ఆ ద్రవం గుండా లాగితే, పొగ ఉన్నప్పుడు రంగు పసుపుకు తిరుగుతుంది.

బయటి లీకు వేరు. ప్రెషర్ పంపుతో 1 బార్ దాకా ఎక్కించి పది నిమిషాలు చూడండి. ఇంజన్ కింద పడుకుని, హెడ్ బ్లాకును కలిసే గీత వెంబడి టార్చ్ వేసి చూస్తే తెల్లటి ఉప్పులాంటి చార, లేదా పచ్చటి జిగురు కనిపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు చుక్కలు పడి, వేడెక్కాక ఆగిపోయే లీకులు కూడా ఇక్కడ మామూలే, అందుకే చల్లటి ఇంజన్ మీదే పరీక్షించండి. అక్కడ చుక్క కనిపించగానే హెడ్ నట్లు ఇంకాస్త బిగిద్దామనుకోవద్దు. గుంట పడ్డ అంచు బిగిస్తే పూడదు, స్టడ్ తెగితే మాత్రం పని పదింతలవుతుంది.

కూలెంట్‌లో నూనె తేలిందని హెడ్ పోయిందని తీర్మానించకండి. 2.1 ఇంజన్లలో కొన్నిటికి ఆయిల్ ఫిల్టర్ దగ్గర నీటితో చల్లబరిచే చిన్న ఆయిల్ కూలర్ ఉంటుంది. దాని లోపల చీలిక వచ్చినా ఇదే కనిపిస్తుంది, దాని మరమ్మతు చాలా తేలిక. ముందు దాన్ని తేల్చుకోండి.

వాటర్ పంపు చెడితే రెండు రకాలుగా చెబుతుంది: షాఫ్ట్ కింది చిన్న రంధ్రం నుంచి కారడం, పుల్లీ పట్టుకుని ఊపితే ఆడటం. ఏ ఒక్కటి ఉన్నా మార్చాలి. మార్చేటప్పుడు పాత బోల్టులకు ముందురోజే తుప్పు వదిలించే నూనె పట్టించి ఉంచండి. బెల్టును బొటనవేలితో మధ్యలో నొక్కితే 10 నుంచి 15 మిల్లీమీటర్లు దిగాలి. పంపును తిప్పే బెల్టే ఆల్టర్నేటర్‌నీ తిప్పుతుంది కాబట్టి, నడుస్తుండగా బ్యాటరీ లైటు వెలిగితే వెంటనే పక్కకు ఆపండి. బెల్టు తెగి ఉంటే ఇంజన్‌కు ఉన్నవి కొద్ది నిమిషాలే.

నేల కింది పైపులు

తొలినాటి బండ్లకు ఇనుప పైపులు, తర్వాతివాటికి ప్లాస్టిక్‌వి. మీ 1987 బండికి ప్లాస్టిక్‌వే ఉండొచ్చు, కింద పడుకుని చూసుకోండి. ఇనుపవి బ్రాకెట్ల కింద బయటనుంచి, లోపలినుంచి తుప్పు తింటాయి. ప్లాస్టిక్‌వి తుప్పు పట్టవు గానీ వాటి చివర్లలో లోహపు గొట్టపు ముక్కలు బిగించి ఉంటాయి. అవి లోపల తుప్పు పట్టి వదులవుతాయి, ఒకరోజు హోస్‌తో సహా ఊడి వచ్చేస్తాయి. 17 లీటర్లూ ఒక నిమిషంలో రోడ్డు పాలవుతాయి. చివరల దగ్గర పాకుడులాంటి చార, ఉబ్బు, చెమ్మ కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. శాశ్వత పరిష్కారం స్టెయిన్‌లెస్ స్టీల్ పైపులు. వాటిని బిగించేటప్పుడు బ్రాకెట్ల దగ్గర రబ్బరు వెయ్యండి, లేకపోతే అదురుకు రాసుకుపోతాయి.

హోసుల్లో కనబడేవి మార్చి, కనబడనివి వదిలెయ్యడం పెద్ద పొరపాటు. ట్యాంకు కింది పొట్టి వంపు గొట్టం, వెనక హీటర్‌కు వెళ్ళే సన్న గొట్టాలు కొత్త ఒత్తిడికి ముందుగా పగిలేవి. కొత్త మూత పెట్టాక మొదటి వారంలో ఏదో ఒక పాత హోస్ లీకవడం తరచుగా జరుగుతుంది. మూత తప్పు కాదది; ఇన్నాళ్ళూ ఒత్తిడే నిలవక ఆ హోస్ బతికింది. కాబట్టి మూత మార్చిన రోజే హోసులన్నీ నొక్కి చూడండి. చివర్లు గట్టిపడి మధ్యలో మెత్తగా ఉన్నవి, వంచితే సన్న పగుళ్ళు కనిపించేవి పక్కన పెట్టండి. ప్లాస్టిక్ చివరల మీద స్ప్రింగ్ క్లిప్పులే మంచివి. వేడికీ చలికీ సాగి ముడుచుకుంటూ పట్టు నిలుపుతాయి. స్క్రూ క్లాంపులు వాడితే అతిగా బిగించొద్దు, ప్లాస్టిక్ నలిగి అదే లీకవుతుంది. మొదటి ప్రయాణం తర్వాత చల్లారాక ఒకసారి పావు చుట్టు బిగింపు సరిచూస్తే చాలు.

బరువైన క్యాంపర్‌ని ఎత్తు మీద టాప్ గేరులో మూలిగేలా లాగించకండి. గేరు దించి 3,000 నుంచి 4,000 ఆర్‌పీఎం మధ్య ఎక్కించండి. పంపు వేగంగా తిరిగితేనే నీళ్ళు రేడియేటర్ దాకా వెళ్ళి వస్తాయి. ముల్లు పైకి పోతుంటే రెండు హీటర్లూ పూర్తి వేడికి పెట్టి, బ్లోయర్లు తిప్పండి. అది అదనపు రేడియేటర్ లాగా పనిచేస్తుంది. ఆపాల్సివస్తే బండి పక్కకు ఆపి, ఆవిరి లేకపోతే ఇంజన్‌ని ఐడిల్ కన్నా కొంచెం పైన ఒక నిమిషం నడిపి ఆపెయ్యండి. మూత మీద చెయ్యి వెయ్యొద్దు, కనీసం గంటసేపు. హోస్ నొక్కితే మెత్తగా ఉండాలి, అప్పుడే మూత తియ్యాలి, అదీ గుడ్డ వేసి నెమ్మదిగా. వేడి ఇంజన్‌లో చన్నీళ్ళు గుమ్మరించొద్దు, హెడ్ పగులుతుంది.

మీ విషయంలో పని వరస ఇది: రేపు మూత, సన్న గొట్టం, దానితోపాటే హోసుల పరీక్ష. తర్వాత పాత కూలెంట్ వంచి, కడిగి, సరైనది నింపి, బండి ముందు ఎత్తి రెండు విడతల బ్లీడింగ్. వారంపాటు రోజూ పొద్దున చల్లటి ఇంజన్ మీద రెండు ట్యాంకుల మట్టాలూ కాగితం మీద రాయండి. ఎన్ని లీటర్లు పట్టిందో, వారంలో ఎంత తగ్గిందో ఆ అంకెలు ఇక్కడ పెట్టండి. థర్మోస్టాట్ మార్చాలా, రేడియేటర్ మార్చాలా అన్నది వాటిని బట్టి చెబుతాను.